ఊడని పట్టీ

సోమవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూర్మయ్య తన కొక్కెం చేతి పట్టీని వల దారంతో కుట్టేశాడు. కుట్టినంతసేపూ పట్టీ రెండో కొసను అతని భార్య లక్ష్మణమ్మ పట్టుకుని కూర్చుంది.

ఒంటి చేత్తో కుట్టాలంటే అతనికి నోరు కూడా కావాలి. దారం కొసను పళ్ళతో కరిచిపట్టి, కుడిచేత్తో సూదిని తిప్పి, ముడి పడే చోట మెడను వెనక్కి లాగేవాడు. అది వల అల్లేటప్పుడు వేసే ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప జారదు.

"ఆయమ్మ తిడతాదేమో మావా," అంది లక్ష్మణమ్మ.

"ఆయమ్మ బొబ్బిల్లో ఉన్నాది. బోటులో ఉండేది నాను. సెయ్యి ఊడిపోనాదని పదిమందిలో నవ్వించుకున్నదీ నానే. గట్టిగా పట్టుకో."

ఆమె గట్టిగా పట్టుకుంది.

ఆయమ్మ అంటే లీలారాణి. బొబ్బిలిలో బాప్టిస్టు మిషన్ కాంపౌండు వెనక రేకుల షెడ్డులో పనిచేస్తుంది. చిన్నప్పుడు ఆమెకు పోలియో వచ్చింది. ఎడమ కాలికి ఆమె వేసుకునే ఇనప కడ్డీల కాలిపర్ కూడా ఆ షెడ్డులోనే తయారైంది. చెయ్యో కాలో లేనివాళ్ళు వస్తే కొలతలు తీసుకుని పంపెయ్యదు. వాళ్ళు చేసే పనిని వాళ్ళ చేతే చేయించి చూస్తుంది. తమకేం కావాలో వాళ్ళకే తెలుసని, ఎలా తయారుచెయ్యాలో తనకు కొంత తెలుసని, ఈ రెండూ కలిస్తేనే వస్తువు వస్తుందని మొదటిరోజే చెబుతుంది.

కూర్మయ్య ఎడమ ముంజేయి రెండేళ్ళ క్రితం పోయింది. ఒడ్డుకు చేరే వేళ కెరటం రెండు బోట్లను ఒకదానికొకటి కొట్టింది. మధ్యలో అతని చెయ్యి ఉంది. శ్రీకాకుళం ఆస్పత్రిలో ముంజేతిని సగానికి తీసేశారు. అప్పటినుంచి ఒడ్డున కూర్చుని పేటవాళ్ళ వలలు బాగుచేశాడు. శ్రీకూర్మానికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఆ దిబ్బలపేటలో వలలు బాగుచేసేది బోటు ఎక్కలేని ముసలివాళ్ళు. కూర్మయ్యకు నలభై దాటి ఎంతో కాలేదు. ఆస్పత్రిలో ఒక నర్సు ఇచ్చిన ఫోన్ నంబరు పట్టుకుని ఈ ఏడాది వేసవిలో భార్యాభర్తలిద్దరూ బొబ్బిలి వెళ్ళారు.

ప్లాస్టిక్ నీళ్ళ పైపు ముక్కను వేడిచేసి, మిగిలిన ముంజేతికి సరిపడేలా తొడుగులా వంచారు. లోపల సైకిల్ ట్యూబు అతికించారు. చివర ఉక్కు కొక్కెం బిగించారు. కొక్కెం వంపు ఎంత ఉండాలో కూర్మయ్యే ఇనప తీగ వంచి చూపించాడు. తొడుగు జారకుండా మోచేతి పైన పాత కారు సీటుబెల్టు పట్టీ. పాడైతే శ్రీకాకుళంలో ఏ సైకిల్ షాపువాడైనా బాగుచెయ్యగలగాలని లీలారాణి పట్టు.

అంతవరకూ సాఫీగానే సాగింది. తరువాత అతను పనిచేసే చోటు చూస్తానని లీలారాణి దిబ్బలపేట వచ్చింది. కూర్మయ్య గుమ్మంలో కూర్చుని, కాలు చాపుకుని, మామూలుగా అడిగింది.

"వల వదిలేటప్పుడు ఈ కొక్కేనికి చిక్కుకుందనుకోండి. మిమ్మల్ని కూడా నీళ్ళలోకి లాక్కుపోతే ఏం చేస్తారు?"

లక్ష్మణమ్మ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం మీద పోసింది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆ మాట మా గుమ్మంలో అనకండి."

పేట బోట్లు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒడ్డున ఎవరూ పడడం, మునగడం, పోవడం అనే మాటలు అనరు. వంటింట్లో గిన్నె పడినా "గిన్నె దిగినాది" అంటారు. బోటు రావడం ఆలస్యమైతే "పనిలో ఉన్నారు" అంటారు. ఆ రోజు బోట్లు బయటే ఉన్నాయి. ఆ సంగతి లీలారాణికి తెలియదు. నీళ్ళు తన కాలిపర్ కిందికి పారేసరికి తెలిసింది. తప్పైపోయిందని చెప్పి లేచింది.

తరువాత బొబ్బిలిలో, సముద్రానికి దూరంగా, అదే ప్రశ్న కూర్మయ్యను ఒంటరిగా అడిగింది. అతను గోడవైపు చూసి, "అలాటిది జరగదమ్మా," అన్నాడు. వల ఎటునుంచి ఎటు జారుతుంది, లాగితే చెయ్యి ఎటు తిరుగుతుంది, అప్పుడు కుడిచెయ్యి దేన్ని పట్టుకుని ఉంటుంది, ఇవేవీ చెప్పలేదు. లీలారాణి తనకు తోచినట్టు చేసింది. సీటుబెల్టు పట్టీని ఒక కొయ్య చీలతో బిగించి, చీలకు తాడు కట్టింది. కుడిచేత్తో తాడు లాగితే చీల వస్తుంది, పట్టీ వదులుతుంది, తొడుగు చేతినుంచి జారిపోతుంది. తాడును చేతికి లోపలివైపు పెట్టింది.

వల రాసుకునేది లోపలివైపే.

పట్టీ కుట్టడానికి రెండు రోజుల ముందు, శనివారం, కూర్మయ్య రెండేళ్ళ తరువాత మొదటిసారి బోటు ఎక్కాడు. బోటు దాలయ్యది. దాలయ్య అతని పెదనాన్న కొడుకు. బోటులో పనిచేసే మిగతావాళ్ళు చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిపోవడంతో దాలయ్యకు మనిషి కావలసివచ్చి ఒంటిచెయ్యి తమ్ముణ్ణి పిలిచాడు. ఇద్దరే వెళ్ళారు. వల పైకి లాగుతుండగా తాడు వల కంటికి తగులుకుని చీల వచ్చేసింది. తొడుగు, కొక్కెం చేపల్లో కలిసిపోయాయి. ఒడ్డున చేపల వేలం పాట మొదలయ్యాక దాలయ్య తల్లి గున్నమ్మ గంపలోంచి దాన్ని పైకి తీసింది.

"ఇదేం సేపరోయ్? ముల్లు బయటికే ఉన్నాది!"

"కూర్మయ్య సెయ్యి, పెద్దమ్మా. కేజీ ఎంతకిస్తావు?" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. కూర్మయ్యా నవ్వాడు. ఇంటికి వెళ్ళే దారిలో దాలయ్య మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"తమ్ముడూ, వల లాగడానికి ఒకడు, నీ సెయ్యి ఏరడానికి ఒకడు గావాలంటే నాకు కుదరదు. మంగళారం ఎల్తన్నాను. అది నిలబడితే రా. నేదంటే ఇంకోణ్ణి సూసుకుంటాను."

ఆ సాయంత్రమే కూర్మయ్య లీలారాణికి ఫోన్ చేసి, ఊడకుండా చెయ్యమన్నాడు. మంగళవారం తానే వస్తానని, అప్పటిదాకా బోటు ఎక్కవద్దని ఆమె చెప్పింది. అతను సరేనన్నాడు. సోమవారం సాయంత్రం సూది తీశాడు.

మంగళవారం చీకటి ఉండగానే బయల్దేరాడు. లక్ష్మణమ్మ పట్టీ కట్టింది. కూర్మయ్య ఆమె చేత తాడు లాగించాడు. ఆమె లాగింది. చీల కదల్లేదు.

"ఇంకాస్త గట్టిగా లాగవే. తిండి తిన్నావా నేదా?"

ఆమె రెండు చేతులతో లాగింది. దారం చీలనూ పట్టీనీ కలిపి పట్టేసింది.

"అదీ," అన్నాడు కూర్మయ్య. "ఇప్పుడు నవ్వమను."

అతను ఇసక దిబ్బ దిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తాడు లాగినప్పుడు అరచేతిలో పడిన గాడి పోలేదు. దాన్ని చూస్తుంటే, ఇంతవరకూ రాని ఆలోచన వచ్చింది. తను రెండు చేతులతో లాగినా రానిది, అతను ఒక్క చేత్తో, నీళ్ళలో, ఎలా లాగుతాడు?

ఆ ఆలోచనను బయటికి అనడానికి లేదు. బోట్లు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.

పొయ్యి రాజేసింది. కూరలో ఉప్పు వేసింది. కాసేపటికి వేసిన సంగతి గుర్తులేక మళ్ళీ వేసింది. కూర్మయ్య ఫోన్‌కు చేసింది. అందుబాటులో లేదని వినిపించింది. దాలయ్య ఫోన్‌కూ అదే. చేపలు కొని అమ్మే గంప తీసుకుని అందరికంటే ముందు ఒడ్డుకు వెళ్ళి కూర్చుంది.

ఎండ ఎక్కుతుండగా లీలారాణి ఫోన్ చేసింది. రాజాం దాటానని చెప్పింది.

"చీల సంగతి ఆలోచించాను లక్ష్మణమ్మా. లోపలివైపు పెట్టడం నా తప్పే. భుజం మీదకి జరపాలి. ఈలోగా మళ్ళీ ఊడిందా?"

"నేదమ్మా. ఒక్కసారీ ఊడనేదు."

అది నిజమే. ఫోన్ పెట్టేశాక ఆమె అరికాళ్ళకు చెమట పట్టింది. పాదాలు ఇసకలో దూర్చి కూర్చుంది.

లీలారాణి ఆటో దిగేసరికి మొదటి బోట్లు వచ్చేశాయి. కాలిపర్ ఇసకలో దిగబడుతుంటే ఒక్కొక్క అడుగూ చేత్తో కాలు ఎత్తి వేస్తూ వచ్చింది. బోర్లించిన పాత తెప్ప మీద లక్ష్మణమ్మ పక్కన కూర్చుని, చుట్టూ చూసింది.

"మీ ఆయనేడీ?"

"పనిలో ఉన్నాడమ్మా."

"ఎక్కడ?"

లక్ష్మణమ్మ గడ్డంతో సముద్రంవైపు చూపించింది.

లీలారాణి అటు చూసింది. తరువాత గొంతు తగ్గించింది. "వద్దన్నాను కదమ్మా. కట్టుకునే వెళ్ళాడా?"

"ఊఁ."

"చీల ఉందా?"

"ఉన్నాదమ్మా."

లీలారాణి ఇంకేదో అడగబోయి ఆగింది. ఆ రోజు గుమ్మంలో పారిన నీళ్ళు ఆమెకూ గుర్తున్నట్టుంది. సంచిలోంచి ఒక పట్టీ ముక్క తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది.

బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. లక్ష్మణమ్మ ప్రతి బోటు ముక్కునూ దూరంనుంచే చూస్తోంది. దాలయ్య బోటు ముక్కుకు పసుపు రంగు వేయించాడు. ఎండలో అన్ని ముక్కులూ ఒకలాగే కనిపిస్తున్నాయి. పాట జరుగుతోంది. ఎవరో ఆమెను రెండుసార్లు పిలిచారు. చేపలు కొనడానికి లేవలేదు.

"ఏటే, ఇవాళ యాపారం నేదా?" గున్నమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె కొడుకే దాలయ్య. ఆమె భర్తా, పెద్దకొడుకూ ఒకే తుపానులో తిరిగి రాలేదు. పేటలో ఆ సంగతిని కూడా "ఇంకా పనిలో ఉన్నారు" అనే చెబుతారు.

"ఒంట్లో బాగోనేదత్తా."

"మొగుడు రెండేళ్ళకి పనికెల్తే ఒంట్లో బాగోదేటి? సిన్నపిల్లవేటే, సిగ్గుపడడానికి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. లక్ష్మణమ్మకు నవ్వు రాలేదు.

చివరగా వచ్చింది ఆమె తమ్ముడు వెంకీ బోటు. వెంకీ ఒడ్డుకు దూకి, తాడు విసిరి, అక్కను చూసి అరిచాడు.

"అప్పా! బావకి ఇయ్యాళ పండగే. మొదటిసారి ఏసిన వల కాళీగా వచ్చినాది. దాలయ్య బావ ఊరుకుంటాడా? రాళ్ళేపు తిప్పినాడు. ఇంకోసారి వల ఏత్తాడంట."

రాళ్ళవైపు అంటే ఉత్తరంగా, నీళ్ళ కింద బండలున్న చోటు. అక్కడ చేపా ఉంటుంది. అడుగుకు దిగిన వలను బండ పట్టుకుంటే వదలదు.

లక్ష్మణమ్మ లేచి నిలబడింది.

"ఒరే ఎంకీ, బావ అన్నం క్యారేజీ మర్సిపోనాడు. బేగెల్లి ఇచ్చి రారా."

"అన్నమా?" వెంకీ నవ్వాడు. "ఆకలేస్తే బావే వస్తాడు. క్యారేజీ కోసం మళ్ళీ బోటు దించమంటావేటి? ఆయిల్ నీ మొగుడు పోయిస్తాడా?"

"నాను పోయిస్తాను. ఎల్లరా."

"ఏటయ్యిందప్పా నీకు?"

"మాత్ర కూడా ఏసుకోనేదురా. బావకి బీపీ మాత్ర..."

"బావకి బీపీ ఎప్పుడొచ్చినాది?"

వెంకీ చేపలు దించడం మొదలుపెట్టాడు. లక్ష్మణమ్మ అతని చొక్కా పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి పంపాలి. చెప్పగలిగినవన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఆ మాట అంటే అది జరుగుతుందని ఆమె పుట్టినప్పటినుంచి విన్నది. ఆమె తల్లి విన్నది. అనకపోతే జరగదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమె లీలారాణివైపు చూసింది. లీలారాణి పట్టీ మడతపెట్టడం ఆపింది.

"ఏమిటి లక్ష్మణమ్మా? చీలని ఏం చేశారు?"

"కుట్టేసినాడమ్మా. వల దారంతో కుట్టేసినాడు. నానే పట్టుకున్నాను." తరువాత మాటలు ఆమె నోటినుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "అది ఊడదు. తాడు లాగినా ఊడదు. ఎంకీ, వల లాగితే బావ పడిపోతాడురా. నీళ్ళలో పడిపోతాడు. మునిగిపోతాడు."

గున్నమ్మ ఆమె నోటిమీద కొట్టింది. వేళ్ళు పళ్ళకు తగిలి పెదవి చిట్లింది.

పాట ఆగిపోయింది. తక్కెడ పట్టుకున్నవాడు దాన్ని కిందపెట్టాడు. ఆడవాళ్ళు గంపలు తీసుకుని, మాట్లాడకుండా, దిబ్బకు అవతలివైపు జరిగిపోయారు. గున్నమ్మ గుప్పెడు ఇసక తీసి లక్ష్మణమ్మ ముందు పోసింది.

"నా కొడుకూ ఆ బోటులోనే ఉన్నాడే, పాపిష్టిదానా!"

వెంకీ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. ఇద్దరు మగవాళ్ళు వచ్చి బోటును తోశారు. దించని చేపలతోనే బోటు వెళ్ళిపోయింది.

లక్ష్మణమ్మ ఇసకలో కూలబడింది. ఇంతసేపూ ఒక్కటే భయం. ఇప్పుడు రెండు. అతను నీళ్ళలోకి పోతాడని మొదటిది. పోతే అది తన మాటవల్లేనని రెండోది. చిట్లిన పెదవిని నాలుకతో తడుముకుంటూ, అన్న మాటను వెనక్కి తీసుకునే మాట ఏదైనా ఉందేమోనని వెతికింది. అలాటిది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

లీలారాణి తెప్ప మీదనుంచి జారి, కాలు పక్కకు పెట్టుకుని, ఆమె పక్కన ఇసకలో కూర్చుంది. ప్రార్థన చేస్తున్నట్టు పెదవులు కదిలాయి. మధ్యలో ఆగిపోయి, "లోపలివైపు పెట్టాను," అంది. కొంతసేపటికి మళ్ళీ అదే అంది. ఇంజనీరులా మాట్లాడే మనిషి ఒకే మాట తిప్పి తిప్పి అనడం విన్నాక లక్ష్మణమ్మకు ఇంకా భయం వేసింది.

"అమ్మా, మీరు దేవుణ్ణి అడిగినారా?"

"అడిగాను."

"ఏటన్నాడు?"

"ఏమీ అనలేదు లక్ష్మణమ్మా."

ఎండ నడినెత్తికి వచ్చింది. పేటవాళ్ళెవరూ ఇళ్ళకు పోలేదు. ఎవరూ వాళ్ళిద్దరి దగ్గరికీ రాలేదు.

ముందు కనిపించినవాడు వెంకీ. బోటు నడుపుతున్నాడు. వెనక తాడుతో పసుపు ముక్కు బోటు వస్తోంది. అందులో దాలయ్య ఒక్కడే కూర్చున్నాడు. గున్నమ్మ "నా కొడుకో" అని కేకపెట్టి నీళ్ళలోకి పరుగెత్తింది. లక్ష్మణమ్మ లేవబోయింది. బోటులో రెండో తల కోసం చూసింది. లేదు. మళ్ళీ చూసింది. లేదు. పక్కనున్న లీలారాణి జబ్బను పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు మర్నాటికి కూడా ఉన్నాయి.

బోటు ఒడ్డును తాకాక నలుగురు లోపలికి వంగి కూర్మయ్యను ఎత్తారు. అతను బోటు అడుగున పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ భుజం ఉండవలసిన చోట లేదు. ఇసక మీద పెట్టగానే పక్కకు తిరిగి నీళ్ళు కక్కాడు. లక్ష్మణమ్మ పాకుతూ వెళ్ళి అతని తల పట్టుకుంది. అతను ఆమె ముఖం చూశాడు.

"పెదవికి ఏటయ్యిందే?" అన్నాడు.

జరిగింది దాలయ్య చెప్పాడు. వల వదులుతుండగా కొక్కేనికి తగులుకుంది. అతను ఇంజను ఆపేలోగా కూర్మయ్య పక్కనుంచి నీళ్ళలోకి పోయాడు. కింద వలను బండ పట్టేసింది. కూర్మయ్య కుడిచేత్తో బోటు అంచు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి కిందికి లాగేస్తోంది. గడ్డందాకా నీళ్ళు. దాలయ్య ఒక చేత్తో అతని జుట్టూ, ఇంకో చేత్తో చంకా పట్టుకున్నాడు. కత్తి ఇంజను పక్కన ఉంది. దాన్ని అందుకోవాలంటే తమ్ముణ్ణి ఒక చేత్తో వదలాలి. వదిలితే ఆగడని తెలుసు. వదలలేదు. తాడు లాగడానికి కూర్మయ్య బోటు అంచును ఒకసారి వదిలి చూశాడు. తల నీళ్ళ కిందికి పోయింది. తాడు దొరికింది, లాగాడు, చీల రాలేదు. దాలయ్య జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. ఆ తరువాత ఇద్దరూ అలాగే ఉండిపోయారు, వెంకీ వచ్చి దూకి పట్టీ కోసేదాకా.

"ఎంతసేపున్నారురా?" అనడిగారు ఎవరో.

"నాకేటి తెలుస్తాది? గడియారం సూసుకున్నానేటి?" అన్నాడు దాలయ్య. అతని చేతులు అప్పటికీ గుప్పిళ్ళు విప్పలేకపోతున్నాయి. గుప్పిట్లో కూర్మయ్య వెంట్రుకలున్నాయి.

కూర్మయ్య నీళ్ళలోకి పోయింది లక్ష్మణమ్మ ఆ మాట అనకముందో, అన్న తరువాతో ఎవరూ చెప్పలేకపోయారు. అన్న తరువాతేనని గున్నమ్మ అంది. వెంకీ కాదన్నాడు. తను చేరేసరికి బావ పెదవులు నీలంగా ఉన్నాయని, అంత త్వరగా అలా కావని వాదించాడు. అక్క అనకపోతే తను వెళ్ళేవాణ్ణే కాదని కూడా అన్నాడు. గున్నమ్మ ఆ తరువాత లక్ష్మణమ్మతో మాట్లాడలేదు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో భుజం కూర్చి కట్టు కట్టారు. గురువారం లీలారాణి మళ్ళీ వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కుట్టేసిన సంగతి ఎత్తలేదు.

"ఎటు లాగింది?" అని అడిగింది.

కూర్మయ్య గోడవైపు తిరిగాడు. లక్ష్మణమ్మ పళ్ళెం కిందపెట్టింది. పేట బోట్లు ఆ వేళ నీళ్ళ మీదే ఉన్నాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"సెప్పు మావా," అంది. "ఎలగ పడ్డావు? అంతా సెప్పు."

అతను ఇటు తిరిగాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. చెయ్యి ముందుకు కాదు, వెనక్కి, కిందికి తిరిగిందన్నాడు. కుడిచెయ్యి బోటును పట్టుకుంటే ఇక దేనికీ ఖాళీ ఉండదన్నాడు. అందువల్ల లాగవలసిన తాడు ఎక్కడ పెట్టినా ఉపయోగం లేదన్నాడు. నీళ్ళ కింద ఏమీ వినిపించలేదని, తన గుండె మాత్రం వినిపించిందని అన్నాడు. బోటు ఎక్కిన ప్రతిసారీ, చెయ్యి పోకముందు కూడా, భయపడుతూనే ఉన్నానని అన్నాడు. ఆ మాట లక్ష్మణమ్మ పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినలేదు. మంచం అంచు పట్టుకుని నిలబడి విన్నది.

"అయితే మీరు లాగకూడదు. అదే వదలాలి," అంది లీలారాణి.

"వదలాల. కానీ పని సేసేటప్పుడు వదలకూడదు."

"ఎంత బరువుకి?"

అది ముగ్గురూ కలిసి తేల్చారు. లక్ష్మణమ్మ ఒక చేత్తో లాగితే ఊడకూడదు. రెండు చేతులతో, మడమలు ఇసకలో దిగేసి లాగితే ఊడాలి.

కట్టు విప్పాక, దీపావళి వెళ్ళిన వారం, లీలారాణి కొత్త పట్టీ తెచ్చింది. చీల ఈసారి పనస చెక్కది. బొబ్బిలిలో వీణలు చేసే ఒకాయన ఇచ్చిన ముక్క. తాడు లేదు. లాగుడు హద్దు దాటితే చీల తనంతట తానే గాడిలోంచి జారాలి. ఇంటి వెనక ఇసకలో కూర్మయ్య దాన్ని కట్టుకుని నిలబడ్డాడు. కొక్కేనికి వల తాడు కట్టారు. రెండో కొస లక్ష్మణమ్మ పట్టుకుంది. దాలయ్య వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. బండకు చిక్కిన అతని వల మళ్ళీ దొరకలేదు. ఇంకో వల కోసం ఇంకా తిరుగుతున్నాడు.

ఒక చేత్తో లాగింది. ఊడలేదు. రెండు చేతులతో లాగింది. చీల జారింది, తొడుగు ఎగిరివచ్చింది, ఆమె వెనక్కి పడింది.

"అబ్బో, గంగమ్మతల్లే!" అన్నాడు దాలయ్య.

ఎవరూ నవ్వలేదు. లీలారాణి చీలను మళ్ళీ గాడిలో పెట్టింది. రెండోసారీ అలాగే ఊడింది. లక్ష్మణమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. ఇక చాలునని ఆమెకు అనిపించింది.

"ఉండండి," అన్నాడు కూర్మయ్య.

పట్టీని తీసుకెళ్ళి ఉప్పునీళ్ళ బకెట్లో వేశాడు. అన్నం తినివచ్చేదాకా అందులోనే ఉంచాడు. తీసి, ఇసకలో దొర్లించి, దులపకుండా కట్టించుకున్నాడు.

"ఇప్పుడు లాగు. నాను ఒద్దన్నా ఆపకు."

లక్ష్మణమ్మ మడమలు ఇసకలో దిగేసింది. రెండు చేతులతో లాగింది. అతను ముందుకు తూలాడు. ఆమె ఇంకా లాగింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు, తరువాత ఛాతీ మీద. ఆమె తాడు వదలకుండా, ఏడుస్తూ, వెనక్కి నడిచింది. అతని వెంట ఇసకలో గాడి పడింది. దాలయ్య పరుగెత్తుకువచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు.

పట్టీ ఊడలేదు. తడికి ఉబ్బిన చీల ఇసకతో కలిసి గాడిలో బిగుసుకుపోయింది.

లీలారాణి దాన్ని కత్తితో కోసి తీసి, ఇసక దులపకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు బొబ్బిలి వెళ్ళింది.